పేరు చెప్పందే సూది వెయ్యను

నేను సూది వేయడం నేర్చుకున్నది అరటి బోదె మీద. తెనాలిలో మా ట్రైనింగు స్కూలు వెనక గోడ దాటితే అన్నీ అరటి తోటలే. గెల కొట్టేశాక చెట్టును రైతు ఎలాగూ నరికేస్తాడు కాబట్టి, వారానికోసారి మా ఆయా వెళ్లి రెండు బోదెలు మోసుకొచ్చేది. వాటిని మూరెడు ముక్కలుగా కోసి బల్ల మీద వరసగా పెట్టి, ముక్కకు ఇద్దరు చొప్పున మమ్మల్ని నిలబెట్టేవారు. పై పట్ట చర్మం అనుకోవాలి, లోపలి పొరలు కండ అనుకోవాలి. సూది నిటారుగా దిగాలి, చెయ్యి వణకకూడదు. మొదటి రోజు నా సూది వంకర పోయింది. పక్కమ్మాయి నవ్వింది. దాని సూది అసలు దిగనే లేదని నేనూ నవ్వాను. ఇద్దరికీ కలిపి చీవాట్లు పడ్డాయి.

అరవైల నాటి మాట ఇది. ఒకసారి వాడి పారేసే సిరంజిలు అప్పటికి మా వైపు రాలేదు. అన్నీ గాజువే. ప్రతి సిరంజికి గొట్టం మీద, లోపలి కడ్డీ మీద ఒకే నంబరు ఉండేది. ఉడకబెట్టి తీసేటప్పుడు ఒకదాని కడ్డీ ఇంకొకదానిలో పెడితే మందు వెనక్కి కారిపోయేది. సూది మొద్దుబారితే రాయి మీద సాన పట్టాలి. పట్టాక దూది మీద గీసి చూడాలి. దూది పోగు తగులుకుందంటే మొన దగ్గర ఇంకా ముల్లు ఉన్నట్టు. ఆ ముల్లుతో పొడిస్తే రోగి మనల్నీ, మనల్ని కన్నవాళ్లనూ కలిపి తిడతాడు. తిట్టడం న్యాయమే.

తాగే మందుల పని ఇంకోరకం. సీసా తీసేటప్పుడు ఒకసారి, వంచేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి దాని మీద కాగితం చదవాలి. కాగితం ఉన్న వైపు అరచేతిలోకి రావాలి, లేకపోతే మందు కారి అక్షరాలు చెరిగిపోతాయి. ఔన్సు గ్లాసును కంటికి సమానంగా ఎత్తి పట్టి కొలవాలి. పాత డాక్టర్లు గ్రెయిన్లనే పాత తూకంలో రాసేవారు, కొత్త డాక్టర్లు మిల్లీగ్రాముల్లో రాసేవారు, మధ్యలో లెక్క కట్టలేక మాకు తల ప్రాణం తోకకొచ్చేది. బిళ్ల ఇచ్చి వచ్చేస్తే సరిపోదు. మింగేదాకా నిలబడాలి. నిలబడకపోతే అది కొంగు ముడిలోకో, తలగడ కిందికో పోతుంది. మింగాక పథ్యం ఏంటమ్మా అని అడుగుతారు. పథ్యం ఏమీ లేదంటే మందు మీదే నమ్మకం పోతుంది. అందుకని నేను వంకాయ మానేయండి అని చెప్పేదాన్ని. వంకాయ నాకేం అపకారం చేయలేదు, ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఈ పనంతా నాకు ఇష్టంగా ఉండేది. ఇలా అంటే ఇప్పటికీ మా బంధువుల్లో కొందరు నమ్మరు. మా ఊరు సంగం జాగర్లమూడి పక్కనే. కాలవ కింద మాగాణి ఉన్న ఇల్లు మాది. ఆ ఇంటి ఆడపిల్ల నర్సు పనికి పోవడం ఏమిటని మా బాబాయి ఊరంతా వినేలా అన్నాడు. ముక్కూ మొహం తెలియని మగవాళ్ల ఒంటి మీద చెయ్యి వేసే పని అన్నాడు. ఆరు నెలలు తిరక్కుండా ఏడుస్తూ వచ్చేస్తుంది చూడండి అన్నాడు. మా నాన్న నాతో బయల్దేరాడు. తెనాలి దాకా వచ్చి, ట్రంకు పెట్టె దించి, తిరుగు బస్సు ఎక్కాడు. నర్సింగు సర్టిఫికెట్టు చేతిలో పట్టుకుని తప్ప ఆ ఇంటి గుమ్మం ఎక్కకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నా బతుక్కి అప్పట్లో ఆ ఒక్క కాగితమే ఆధారం. అది రాకపోతే బాబాయి నోటికి నేను జన్మంతా మేత అయ్యేదాన్ని.

ఆ కాగితం మీదికి మొదటి గండం బాపట్లలో వచ్చింది. రెండో ఏడు మమ్మల్ని అక్కడ ఒక ఆసుపత్రికి పంపారు. మగవాళ్ల వార్డు. పిట్టలవానిపాలెం వైపు నుంచి ఒక పెద్దాయన విరేచనాలు పట్టుకుని వచ్చి, మూడు రోజులకు కాస్త తేరుకున్నాడు. పక్క మంచం ఆయనకేమో నాలుగు రోజులుగా విరేచనమే కాలేదు. ఆయనకు పొద్దున్నే భేది మందు ఇమ్మన్నారు. కిటికీ గాలి కోసం వాళ్లిద్దరూ మంచాలు మార్చుకున్న సంగతి నాకు తెలియదు. అప్పట్లో మా వార్డుల్లో మంచాలకు నంబర్లు ఉన్నా ఎవరూ లెక్కచేసేవారు కాదు. చుట్టాలు వచ్చి తమవాణ్ని తమకు నచ్చిన చోటికి జరుపుకునేవారు. నేను ట్రే పట్టుకుని నవ్వు మొహంతో వెళ్లి, చీటీలో పేరు చదివి, మీరేనాండి అని పెద్దాయన్ని అడిగాను. అవునండి అన్నాడు. గ్లాసు అందించాను. చేదుకు మొహం ముడుచుకుని, చుక్క మిగల్చకుండా తాగి, గ్లాసు తిరిగి ఇచ్చి నాకు దణ్ణం కూడా పెట్టాడు.

మధ్యాహ్నానికి ఆయన పరిస్థితి ఏమైందో వర్ణించను. సెలైన్ సీసాలు ఎక్కించాల్సి వచ్చింది. సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచి చూశాక, కాళ్ల దగ్గర నిలబడి, మీ పేరు కాకపోయినా అవునని ఎందుకన్నారండీ అని అడిగాను. నా గొంతులో ఏడుపు ఉంది, కోపమూ ఉంది.

"పొద్దున్నే ఆడకూతురివి, నవ్వుకుంటా వచ్చి అడిగావు. కాదని నీ మొహం మీద ఎట్టా అనేదమ్మా?" అన్నాడు.

మా డెల్టాలో అవునండి అనేది జవాబు కాదు, మర్యాద. పెద్దవాళ్లు అడిగినా, చదువుకున్నవాళ్లు అడిగినా, తెల్లబట్టలు కట్టుకున్న మనిషి ఎవరడిగినా ముందు అవునండి అనేస్తారు. తర్వాత ఏం జరిగితే అది పడతారు. నేనూ ఆ గడ్డ మీద పుట్టినదాన్నే, నాకు తెలిసి ఉండాల్సింది.

మర్నాడు మా ట్యూటరమ్మ తెనాలి నుంచి పాసింజరు బండిలో దిగింది. యాభై దాటిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఆమె నవ్వగా చూసినవాళ్లు మా బ్యాచిలో లేరు. నన్ను తిట్టలేదు. ఆయన్ని ఏమని అడిగానో అదే మాట మళ్లీ అనమంది. అన్నాను.

"పేరు నువ్వే అందించావు. ఆయన అదే పేరు నీకు తిరిగిచ్చాడు. అంతే జరిగింది" అంది. "పేరు వాళ్ల నోట్లోంచి రావాలి. రాకపోతే మందు నీ చేతిలోంచి కదలకూడదు. ఎవరు చెప్పినా సరే."

ఎవరు చెప్పినా సరే అన్న మాట ఆమె ఎంత దూరం ఆలోచించి అందో నాకు తెలియదు. నేను మాత్రం దాన్ని అక్షరాలా పట్టుకున్నాను. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఇంటికి పంపేస్తామని రాసిన కాగితం నా ఫైల్లో పెట్టారు. కింద నా చేతే సంతకం పెట్టించారు.

అప్పటి నుంచి పేరు అడగడం నాకు ఒక పిచ్చిలా పట్టుకుంది. పొద్దున అడిగినవాళ్లనే మధ్యాహ్నం అడిగేదాన్ని, మళ్లీ సాయంత్రం అడిగేదాన్ని. ఇందాకేగా చెప్పింది, మతిమరుపా నర్సమ్మా అని ఎగతాళి చేసేవారు. ఒకాయన రోజుకో పేరు చెప్పి ఆటపట్టించేవాడు. అసలు పేరు చెప్పేదాకా ఆయన మంచం దగ్గర నుంచి కదిలేదాన్ని కాదు. నా వెనక పనులన్నీ ఆలస్యమయ్యేవి, తోటి పిల్లలు పళ్లు నూరేవారు. నూరుకోనిచ్చాను.

మూడో ఏడు రేపల్లె పంపారు. తెనాలి నుంచి రైలెక్కితే పట్టాలు అక్కడితో అయిపోతాయి. అక్కడ మేం పనిచేసిన ఆసుపత్రి చిన్నది. ఇప్పుడు ఆ భవనం కూడా లేదు. ఆడవాళ్ల వార్డులో పన్నెండు మంచాలు. ఏటి మధ్య లంకల నుంచి పడవ దాటి వచ్చినవాళ్లే ఎక్కువ. అక్కడ పని జరిగే పద్ధతి ఒకటి చెప్పాలి. డాక్టర్లు పెద్ద పుస్తకంలో మందులు రాసేవారు. పొద్దున్నే కాంపౌండరు ఆ పుస్తకం చూసి, మనిషికొక చిన్న చీటీ కోసి, పేరూ మందూ మోతాదూ రాసి ట్రేలో పెట్టేవాడు. మంచం నంబరు ఉండదు, వయసు ఉండదు. ఆ చీటీలు పట్టుకుని మేం తిరగాలి.

నేను దిగిన మర్నాడే నా చేతికి పెన్సిలిన్ చీటీ ఒకటి వచ్చింది. పెన్సిలిన్ కొందరికి పడదు. దద్దుర్లు లేచి, ఊపిరి అందక, కళ్ల ముందే మనిషి పోవచ్చు. అందుకని మొదటిసారి ఇచ్చేముందు ముంజేతి మీద చర్మం కింద చుక్కంత వేసి, ఆగి, పొంగిందేమో చూస్తారు. పొంగకపోతే తర్వాత రోజుల్లో ఆ పరీక్ష అక్కర్లేదు. నాకొచ్చిన చీటీలో పరీక్ష అయింది అని రాసి ఉంది. పేరు చూసి, ఇది నిన్న సాయంత్రం చేరిన అమ్మాయిది, అదుగో ఆ చివరి మంచం అని స్టాఫ్ నర్సు చూపించింది. ఆ అమ్మాయిని చేర్చుకుని, మొగుడు చెప్పిన పేరు రిజిస్టర్లో రాసింది ఆవిడే. ఆవిడకి అనుమానం లేదు. నాకూ లేదు. మందు కలిపి సిరంజిలోకి తీసుకుని వెళ్లాను.

పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో ఆ అమ్మాయికి. చలిజ్వరంతో దుప్పటి గొంతుదాకా లాక్కుని పడుకుంది. నీ పేరేంటమ్మా అని అడిగాను. కళ్లు దించుకుంది. మళ్లీ అడిగాను.

"చెప్పకూడదక్కా" అంది.

ఎందుకు చెప్పకూడదంటే పలకదు. మొగుడి పేరు అడుగుతున్నాననుకుందేమోనని, నీ పేరేనమ్మా అని విడమరిచి చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఇంట్లో ఏమని పిలుస్తారంటే, కోడలా అని పిలుస్తారంది. పుట్టింట్లో ఏమనేవారంటే దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంది. ఈలోగా స్టాఫ్ నర్సు నాలుగుసార్లు కేకేసింది. నేను సిరంజి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడు డాక్టరు రౌండుకు వచ్చారు. చెడ్డ మనిషి అని రాయను. మంచి హస్తవాసి ఉన్న డాక్టరు, ఎండలో పడవ దిగి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించేవారు. కానీ ఆయన వార్డులో ఆయన మాటకు ఎదురు మాట ఉండకూడదు. ఏమిటి ఆలస్యం అన్నారు. పేరు చెప్పడం లేదండి అన్నాను. స్టాఫ్ నర్సు నా చేతిలో చీటీ చూసి పేరు పైకి చదివింది. ఆయన అమ్మాయి వైపు తిరిగి, అదే పేరు పెట్టి, నువ్వేగా అన్నారు.

"అవునండి" అంది ఆ అమ్మాయి.

అయిపోయిందిగా, కానివ్వు అన్నారు ఆయన. వార్డంతా నన్నే చూస్తోంది. నాకు బాపట్ల పెద్దాయన కళ్లలో మెదిలాడు. ఇంకొక్క ఫిర్యాదు అన్న కాగితమూ మెదిలింది. ఆ క్షణంలో నేను భయపడలేదని చెబితే అబద్ధం. అయినా చెయ్యి ముందుకు పోలేదు.

"ఆ పేరు మీ నోట్లోంచి వచ్చింది సార్. ఆమె నోట్లోంచి రాలేదు. పేరు చెప్పందే నేను సూది వెయ్యను" అన్నాను.

ఆయన చీటీ అందుకుని చూసి ఉంటే అక్కడితో సరిపోయేది. ఆ అమ్మాయికి ముందు రోజు సూది కాకుండా బిళ్లలు రాసింది ఆయనే. కానీ ఆయన చీటీ చూడలేదు. ఆయన చూసింది నన్ను. మూడో ఏడు చదివే పిల్ల నాకు నేర్పిస్తుందా అన్నారు. తీసుకుని నువ్వెయ్యి అని స్టాఫ్ నర్సుకు చెప్పారు. ఆవిడ చెయ్యి చాచింది. ఇచ్చేస్తే నా పని అయిపోయేది, నా మీద మాటా ఉండేది కాదు. నేను సిరంజి పైకెత్తి కడ్డీ చివరిదాకా నొక్కేశాను. తెల్లటి మందు గచ్చు మీద చారగా పడింది. మందు నేలపాలు చేయడం అంటే అప్పట్లో అన్నం నేలపాలు చేయడం కన్నా పెద్ద తప్పు. ఎవరో అయ్యో అన్నారు. బయటికి పొమ్మన్నారు డాక్టరు.

నేను ఇంకా గుమ్మం దాటలేదు. కట్టు గదిలోంచి ఒక మామ్మ గోడ పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వస్తోంది. అరికాల్లో ముల్లు దిగి చీము పట్టి, నాలుగు రోజుల కింద చేరిన మనిషి. వార్డులో అందరూ ఆమెను లంక మామ్మ అనేవారు. ఆ పేరు తప్ప ఇంకో పేరు ఆమెకి ఉంటుందని అందరూ మర్చిపోయారు.

"నా సూదేదమ్మా? రోజూ ఈపాటికి వేసేస్తారుగా" అంది మామ్మ.

స్టాఫ్ నర్సు మామ్మకు ఎదురెళ్లింది. మామ్మా, నీ పేరేంటని అడిగింది. మామ్మ ఇంటిపేరుతో సహా, గుక్క తిప్పుకోకుండా, గర్వంగా చెప్పింది. చీటీలో ఉన్న పేరే అది, పరీక్ష అయిందీ ఆమెకే. రెండు మంచాలవతల కూర్చున్న ఆవిడ అప్పుడు మాకు విడమరిచి చెప్పింది. వాళ్లిద్దరూ అత్తాకోడళ్లు. అత్తకు సాయంగా వచ్చి కోడలు కూడా జ్వరపడింది. ఇద్దరిదీ ఒకే పేరు. అత్త పేరు కోడలు నోట పలక్కూడదు. కాబట్టి కాపరానికి వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల తన పేరు తాను పలకలేదు.

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఇది నాకు తెలియని సంగతి కాదు. నాకు పెట్టింది మా నాయనమ్మ పేరు. మా అమ్మ నన్ను పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారీ ఆ పేరుతో పిలవలేదు. అమ్మాయ్ అనేది, ఇదుగో అనేది, బళ్లో వేసేటప్పుడు పంతులు గారు పేరు అడిగితే నన్నే చెప్పమని ముందుకు తోసింది. అన్నేళ్లూ అది మర్యాద అనుకున్నాను. ఆ రోజు రేపల్లెలో, గచ్చు మీద మందు ఇంకా ఆరకముందు, అది మా అమ్మ గొంతు పట్టుకున్న చెయ్యి అని నాకు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

డాక్టరు అప్పుడు చీటీ అడిగి తీసుకుని చదివారు. రెండుసార్లు చదివినట్టున్నారు. కాంపౌండర్ని పిలిచి రేపటి నుంచి మంచం నంబరు కూడా రాయమన్నారు. మామ్మకు మందు మళ్లీ కలిపించి ఆయనే దగ్గరుండి వేయించారు. నా వైపు చూడలేదు. గదిలోకి వెళ్లి ఫిర్యాదు రాశారు. పెద్దల మాట ధిక్కరించింది, రోగుల ముందు అవమానించింది, మందు పారబోసింది అని. మూడూ నిజాలే. మర్నాడు మధ్యాహ్నం బండికి తెనాలి వెళ్లిపొమ్మని నాకు కబురు వచ్చింది.

వెళ్లి కాళ్లు పట్టుకో, ఆయన మనసు వెన్న అని స్టాఫ్ నర్సు బతిమాలింది. ఆవిడ నా మంచి కోరే చెప్పింది. దేనికి పట్టుకోవాలి అని అడిగాను.

తెనాలిలో ఏమైందో ముందే చెప్పేస్తాను, దాచడానికేం లేదు. స్కూలు పెద్దలు నలుగురు కూర్చుని, తప్పు చేశానని రాసివ్వమన్నారు. మందు పారబోయడం తప్పు, వెయ్యను అనడం తప్పు కాదు అని రాసిచ్చాను. రెండో ముక్క కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు. ఇంటికి పంపాలని ఒకరన్నారు. ఎవరు చెప్పినా సరే అన్న మాట నేర్పింది నేనే, పంపితే ఇద్దర్నీ పంపండి అని మా ట్యూటరమ్మ అందట. చివరికి నన్ను ఆరు నెలలు వెనక్కి వేశారు. నా బ్యాచి పిల్లలు సర్టిఫికెట్లు పుచ్చుకుని ఫొటో దిగుతుంటే నేను జూనియర్లతో కలిసి సూదులు ఉడకబెడుతున్నాను. బాబాయి ఊళ్లో చెప్పానా లేదా అని తిరిగాడు. ఏడ్చాను కూడా. కానీ సర్టిఫికెట్టు వచ్చింది. ఆలస్యంగా వచ్చినా దాని మీద అక్షరాలు తక్కువేం లేవు.

ఆ సూది వేసి ఉంటే ఏమయ్యేదని చాలామంది అడిగారు. నాకు తెలియదు. ఆ అమ్మాయికి పెన్సిలిన్ పడేదేమో. ఏమీ అయ్యేది కాదేమో. ఏదో ఘోరం జరిగేదని చెబితే కథ బాగుంటుంది, నేనూ గొప్పదాన్ని అవుతాను. కానీ నేను ఆగింది ఘోరం జరుగుతుందని తెలిసి కాదు. ఆ ఒంట్లోకి నేను పంపే మందు ఎవరిదో ఆ మనిషి నోటితో వినలేదు కాబట్టి ఆగాను. అంతకుమించి కారణం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

రేపల్లెలో చివరి రోజు సంగతి మిగిలింది. బండి మధ్యాహ్నానికి. పొద్దున మందులు వేరేవాళ్లు ఇస్తారు, నువ్వు పెట్టె సర్దుకో అంది స్టాఫ్ నర్సు. బండెక్కేదాకా డ్యూటీ నాదే అని ట్రే తీసుకున్నాను. మంచాల మీద సుద్దతో పెద్దపెద్ద నంబర్లు వేసి ఉన్నాయి. చీటీల మీదా నంబర్లు ఉన్నాయి. అత్తను కోడలి పక్క మంచానికి మార్చారు. ఆ ఇద్దరి పేరేమిటో వార్డులో చీపురు పట్టే మనిషికి కూడా తెలిసిపోయింది. ఇంక అడగాల్సిన అవసరం ఏమాత్రం లేదు.

నీ పేరేంటమ్మా అని అడిగాను.

స్టాఫ్ నర్సు నుదురు కొట్టుకుంది. మామ్మ కట్టు కట్టిన కాలు తలగడ మీద పెట్టుకుని కూర్చుని ఉంది. తెలిసిందిగా, మళ్లీ ఏంటి నీ పంతం, కావాలంటే నేను చెప్తాను విను అంది.

"మీ పేరు మీరు చెప్పారు మామ్మా. ఆమె పేరు ఆమె చెప్పాలి. బిళ్లలు ఆమెవి" అన్నాను.

అందులో పంతం లేదని ఒట్టు వేయను. నా చదువు చేజారిపోతోంది, ఆ కసి కొంత ఉంది. మా అమ్మ మీద జాలి కొంత ఉంది. కానీ ఆ పిల్లను అవమానించాలని లేదు. నా ట్రే ఆమె ముందు పట్టుకుని, ఎంతసేపైనా సరే అన్నట్టు నిలబడ్డాను.

ఆ అమ్మాయి అత్త వైపు చూసింది. మామ్మ చెప్పమనలేదు, వద్దనలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. జ్వరం దిగి చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది ఆ పిల్లకి. పెదవులు తడుపుకుంది. పేరు చెప్పింది. ఎంత చిన్నగా చెప్పిందంటే పక్కన నిలబడ్డ నాకే సగం వినిపించింది. అది చాలు. బిళ్లలు ఆమె చేతిలో పెట్టి, మంచినీళ్లు ఇచ్చి, మింగేదాకా ఉండి, చీటీ మీద గీత కొట్టి, పక్క మంచం వైపు కదిలాను.

రెండడుగులు వేశానో లేదో, వెనక నుంచి ఆమె గొంతు మళ్లీ వినిపించింది. ఈసారి వార్డు ఆ చివరిదాకా వినిపించేలా, ముందు తన పుట్టింటి ఇంటిపేరు, దాని వెంట తన పేరు. రెండోసారి నేను అడగలేదు.